రెండు పెడళ్ల బండి

“కొనని బండికి సాక్ష్యం ఎట్ల చెప్పినవన్నా?”

జోస్నా గొంతు పెంచలేదు. బగారన్నం గిన్నెను తన వైపు జరుపుకుంటూ, ఉప్పు అడిగినంత మామూలుగా అడిగింది. శాంసన్‌కు అందుకే ఎక్కువ మండింది.

పొద్దున దిల్‌సుఖ్‌నగర్ చర్చిలో సాక్ష్యాల సమయానికి అతను లేచాడు. దేవుడు తమ కుటుంబానికి తెల్లటి డీజిల్ కారు దయచేశాడని మైకులో చెప్పాడు. వచ్చే ఆదివారం దాన్ని ఆవరణలోకి తెస్తామనీ, అందరూ ప్రార్థనలో పాలుపొందాలనీ కోరాడు. సంఘమంతా స్తోత్రం అంది. ఆడవాళ్ల వైపు గోడవార కుర్చీలో కూర్చున్న అతని చెల్లెలికి ఆ కారు ఖాయమైన సంగతి అప్పుడే తెలిసింది.

“అడ్వాన్స్ ఇచ్చిన. కొన్నట్టే గద.”

“అందరం కలిసి పోదాం, రెండు బండ్లు చూద్దాం, అప్పుడు చెప్పుదాం అనుకున్నం. మరిచినవా?”

“మరువలే. రెండూ చూసిన. డీజిలే మంచిగున్నది. ఏడాది కూడా కాలే. షోరూం వాసన గూడ పోలే.”

“నీ ముక్కుతోని చూసినవ్. నా కాలుతోని చూడలే.”

శాంసన్ భార్య సాధన కూర వడ్డిస్తున్న గరిటెను గిన్నెలోనే వదిలేసింది. ఆ ఇంట్లో జోస్నా ఎడమకాలి గురించి మాట్లాడేవాళ్లు మిగతా ముగ్గురే. జోస్నా తనంతట ఆ మాట ఎప్పుడూ ఎత్తదు. రెండేళ్ల వయసులో వచ్చిన పోలియో ఆ కాలిని సన్నగా చేసి వదిలేసింది. ముప్పై అయిదేళ్లు దాటినా దానికి ఇనుప పట్టీల జోడు కట్టనిదే ఆమె నిలబడలేదు.

“క్లచ్ తొక్కే బండి తెస్తే నేను నడిపేదెట్ల?” అంది.

“నువ్వు నడుపుడేంది?” శాంసన్ నవ్వాడు. “వెనక సీట్ల రాణిలెక్క కూసో. నేను దింపుత, నేను తీస్కొస్త.”

“నాదర్‌గుల్‌కా? రోజూనా?”

“ఎందుకు పోవాలె నాదర్‌గుల్? కొత్తపేట బడి ఏమైంది? ప్రమోషన్ వద్దని రాసియ్యి. ఎంతమంది టీచర్లు రాసిస్తలేరు.”

అదీ అసలు సంగతి. నాదర్‌గుల్ బడికి ఆమెను హెడ్‌మిస్ట్రెస్‌గా వేశారు. రేపే చేరాలి, లేదంటే వద్దని రాసివ్వాలి. కొత్తపేట దాకా అయితే పక్క చక్రాల స్కూటర్ మీద పోయివచ్చేది. టిప్పర్లు తిరిగే సాగర్ రోడ్డు మీద ఆ స్కూటర్ పనికిరాదు. రోజూ ఆ కుదుపులు తింటే నడుం కూడా పోతుందని డాక్టరు ఎప్పుడో చెప్పాడు. బస్సు మెట్టు ఆమెకు అందదు.

“రాసియ్య,” అంది జోస్నా.

“అంటే నా మాట లెక్కలేదు.”

“నువ్వడిగితే చెప్పిన. లెక్క గిక్క నాకు తెల్వదు.”

“చిన్నప్పుడు సైకిల్ మీద ఎక్కించుకొని బడికి తీస్కపోయింది ఎవరు? వానల, ఎండల?”

“నువ్వే. దానికి ఇప్పటిదాంక కిరాయి వసూల్ చేస్తున్నవ్.”

సాధనకు నవ్వొచ్చింది. నీళ్ల గ్లాసు అడ్డం పెట్టుకుంది. శాంసన్ చూడనే చూశాడు.

“నవ్వు. నువ్వు కూడ నవ్వు. ఆర్టీవోల ఈమెకు లైసెన్స్ ఎవరిస్తరో అడుగు జర.”

జోస్నా ఎడమ చేత్తో హ్యాండ్‌బ్యాగు జిప్పు తీసింది. కార్డు ఒకటి తీసి కోడికూర గిన్నె పక్కన పెట్టింది. దాని మీద ఆమె ఫోటో ఉంది.

శాంసన్ దాన్ని ముట్టుకోలేదు. వంగి చదివాడు. మళ్లీ చదివాడు.

“ఇదెప్పుడు?”

“దసరా సెలవులల్ల నేర్చుకున్న. దిల్‌సుఖ్‌నగర్ల, బస్టాండ్ ఎనక. గేరు మార్చే పని లేని బండ్లకే ఇది చెల్లుతది. నాకు అది చాలు.”

“దసరా సెలవులల్ల నువ్వు క్వైర్ ప్రాక్టీస్‌కు పోయినవ్.” శాంసన్ భార్య వైపు తిరిగాడు. “నువ్వే చెప్పినవ్ నాకు. జోస్నా క్వైర్‌కు పోయిందని.”

సాధన గరిటె మళ్లీ అందుకుంది. “అవును. చెప్పిన.”

“ఆమె పాట పాడదు. గప్పుడే నాకు డౌట్ రావాలె.”

“వస్తదనుకున్న,” అంది సాధన. “రాలే.”

పక్కింట్లో ప్రెషర్ కుక్కర్ కూత వేసింది.

తండ్రి తీతు అప్పటిదాకా తింటూనే ఉన్నాడు. ఆర్టీసీలో సర్వీసంతా బస్సు నడిపి దిగిన మనిషి. పెళ్లాం పోయాక అన్నం దగ్గర నోరు తెరిచేది తినడానికే. ఇంటికి వచ్చే బండి ఆయన పేరు మీదే రావాలని కొడుకూ కూతురూ ఎప్పుడో ఒప్పుకున్నారు. ఇద్దరి జీతంలో దాచిందీ ఆయన ఖాతాలోనే ఉంది. ఆఖరి మాట ఆయనది.

చెయ్యి కడుక్కుని వచ్చి, కార్డు తీసి వెలుతురుకు పట్టి చూశాడు. కూతురి ముందు తిరిగి పెట్టేశాడు.

“క్లచ్ లేనిది బండేనా?” అన్నాడు.

“బండే నాయినా. రెండే పెడళ్లు. రెండూ కుడికాలుకే.”

“పెట్రోల్ తాగుతది.”

“డీజిల్ తాగదా? ఇప్పటి డీజిల్ బండ్లకు పొగగొట్టంల జల్లెడ ఉంటది. దూరం ఉరికిస్తెనే ఆ మసి కాలిపోతది. మనం ఇంటికీ చర్చికీ, చర్చికీ ఇంటికీ తిప్పితే అది మూసుకపోతది.”

“మనూరు పోతం గద. నెలకోసారి పోతే జల్లెడ గూడ మంచిగైతది.”

“అమ్మ పోయినంక ఎన్నిసార్లు పోయినం నాయినా?”

తీతు తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. ఆరిన చేతులనే మళ్లీ తుడుచుకున్నాడు.

“సంఘం ముందట నీ అన్న నోరు తెరిచిండు. దేవుని మందిరంల అన్న మాట. దాన్ని వెనకకు తీస్కోము.”

“నేను తెరవలే నాయినా నోరు.”

“నా పేరు మీదున్న బండి నువ్వు నడపవు.” ఆయన తువ్వాలు భుజాన వేసుకున్నాడు. “నేను బతికుండంగ.”

అని వెళ్లి చెప్పులు తొడుక్కున్నాడు. సంఘం ముందు అన్న మాట ప్రకారం బండి తెచ్చుకోవడానికి తండ్రీ కొడుకూ శాంసన్ బైకెక్కి పోయారు.

సాధన ఎంగిలి కంచాలు ఎత్తుతూ గుమ్మం దాకా వచ్చింది.

“ఏం చేస్తవ్ జోస్నా?”

“స్కూటర్ తాళం ఎక్కడున్నది వదినా?”

*

ఎల్‌బీ నగర్‌లో, మెట్రో స్తంభాలు అయిపోయిన చోటికి కాస్త ఇవతల, మహేందర్ సెకండ్‌హ్యాండ్ కార్లు అమ్ముతాడు. నల్గొండ వైపు మనిషి. రేకుల షెడ్డు, ముందు వరసగా కార్లు, వాటి అద్దాల మీద సున్నంతో రాసిన సంవత్సరాలు. జోస్నా స్కూటర్ లోపలికి రాగానే అతను కుర్చీ తెమ్మని కేక వేశాడు.

“కుర్చీ వద్దన్నా. ఆ క్లచ్ లేని బూడిద రంగు బండి తాళం కావాలె.”

తెల్ల కారు పక్కన నిలబడ్డ శాంసన్ మొహం మాడిపోయింది.

“ఎవరు రమ్మన్నరు నిన్ను?”

“బండి ఇంటిది గద. ఇంట్ల నేను గూడ ఉంట.”

తీతు ఎవరినీ చూడలేదు. తెల్ల కారు బానెట్ మీద అరచెయ్యి ఆనించి అట్లాగే ఉంచాడు. తెలిసినవాడు పాత బండిని చూడబోతే ముందు చేసే పని అది. రాత్రంతా ఆగి చల్లబడ్డ ఇంజన్ మొదటిసారి ఎట్లా అందుకుంటుందో, అప్పుడు ఏం చప్పుడు చేస్తుందో, దాన్ని బట్టే దాని గుణం తెలుస్తుంది. అమ్మేవాడికీ ఈ సంగతి తెలుసు.

“ఏడిగున్నది,” అన్నాడు తీతు.

“ఎండకు సార్,” అన్నాడు మహేందర్.

“నీడల నిలబెట్టినవ్ గద.”

మహేందర్ తల గోక్కున్నాడు. “మీరొస్తున్నరని జర స్టార్ట్ చేసి పెట్టినం సార్. డ్రైవర్ సాబులకు కూడ చెప్పాల్నా? బండి బంగారం. నాలుగు దినాలకోసారి హైవే మీద ఉరికిస్తే చాలు, ఏ పరేషానీ ఉండదు.”

“ఎందుకు ఉరికియ్యాలె?”

“అదే సార్, జల్లెడ. పొగ జల్లెడ. మొన్న ఫోన్ల చెల్లెకు చెప్పిన, మీకు చెప్పలేదా?”

అనాల్సినంత జోస్నా అన్నం దగ్గరే అంది. శాంసన్ మాత్రం ఊరుకోలేదు.

“రోజూ నాదర్‌గుల్ దాంక ఉరికిస్త తియ్యి. జల్లెడ, చెల్లె, రెండూ సక్కగుంటయ్.”

“ఉరికియ్యి,” అంది జోస్నా. “పొద్దుగాల బడి టైముకు నన్ను దింపాలె. అదే టైముకు నువ్వు మలక్‌పేటల డ్యూటీ ఎక్కాలె. రెండు దిక్కుల బండి నడుపుతవా?”

“అందుకే రాసియ్యమన్న.”

“అందుకే నేను నడుపుతనన్న.”

మహేందర్ ఇద్దరి మధ్యలోంచి తాళంచెవి పట్టుకుని వచ్చాడు. శాంసన్ చూపు పట్టించుకోకుండా జోస్నాకు ఇచ్చాడు. బేరగాడికి ఏ బండి పోయినా ఒకటే.

“ఒక రౌండ్ కొట్టు చెల్లె. చూసినందుకు పైసలు తీస్కోను. నీ స్కూటర్ నా దగ్గరనే ఉంటది. పక్కన ఎవరన్న తెలిసినోళ్లు ఉండాలె, అంతే.”

“నేను కూసోను,” అన్నాడు శాంసన్.

జోస్నా డ్రైవర్ సీట్లో వెనక్కి కూర్చుని, రెండు చేతులతో ఎడమకాలిని ఎత్తి లోపల పెట్టుకుంది. తలుపు వేసుకుంది. అద్దం సరిచేసుకుంది. తొందర లేకుండా బెల్టు పెట్టుకుంది. అప్పటికి ఎడమ తలుపు తెరుచుకుంది.

తీతు ఎక్కి కూర్చున్నాడు.

“గల్లీ చివరిదాంక,” అన్నాడు. “అక్కడ మలుపుకొని రా. అంతే.”

*

గల్లీ చివర ఆమె మలపలేదు.

“మెయిన్ రోడ్డు మీద చూడకుంటే ఏం తెలుస్తది నాయినా.”

సాగర్ రోడ్డు ఆదివారం కూడా తీరికగా లేదు. ఆటోలు ఎక్కడబడితే అక్కడ ఆగుతున్నాయి. ఒక బస్సు స్టాపు వదిలి రోడ్డు మధ్యలోనే జనాన్ని దింపుతోంది. జోస్నా వేగం తగ్గించినప్పుడల్లా తండ్రి ఎడమపాదం కింద రబ్బరు మ్యాటును గట్టిగా నొక్కుతోంది. అక్కడ నొక్కడానికి క్లచ్చే కాదు, ఏమీ లేదు. ఆమె అది చూసింది. చూసినట్టు కనిపించలేదు.

“దూరం పెట్టు. ముందరోని ముడ్డి నాకబోకు.”

“పెట్టిన.”

“చప్పుడేంది దీనికి, కుట్టు మిషన్ లెక్క.”

“చప్పుడు లేదనే అంటున్నవా?”

“బలం లేదంటున్న. కొండెక్కితే తెలుస్తది.”

“నాదర్‌గుల్‌కు కొండలు లేవు నాయినా.”

తీతు కిటికీ వైపు తిరిగాడు. హస్తినాపురంలో తమ ఇంటి మలుపు వచ్చి వెళ్లిపోయింది. ఆయన మెడ ఆ మలుపుతో పాటు తిరిగి మళ్లీ ముందుకు వచ్చింది.

“నా సర్వీసుల ఒక్కనాడు గూడ ఎవని బండిల పక్క సీట్ల కూసోలే,” అన్నాడు.

“తెలుసు. నన్ను గూడ నీ బస్సుల ముందర ఎప్పుడు కూసోబెట్టలే. ఇంజన్ పక్కనున్న సీట్ల డిపో మేనేజర్ బిడ్డ కూసుంటుండె. నేను ఎనక నిలబడుతుంటి.”

“నీ కాలు ఇంజన్ ఏడికి కాలుతదని.”

“ఇప్పుడు తోచిందా, అప్పుడే తోచిందా ఆ మాట?”

జవాబు ఆమెకు అక్కర్లేదు. ఇరవై అయిదేళ్ల కిందటి సీటు ఇప్పుడు ఎవరిచ్చినా ఆమెకు ఉపయోగం లేదు.

బీఎన్ రెడ్డి నగర్ దగ్గర రోడ్డు మధ్య దిమ్మెకు సందు కనిపించింది.

“ఇక్కడ మలుపు,” అన్నాడు తీతు.

జోస్నా ఇండికేటర్ వేయలేదు. సందు దాటిపోయింది.

“మలుపమన్న.”

“విన్న.”

“విని?”

“బడిదాంక పోయి మలుపుత. రేపు పోయే తొవ్వ ఇయ్యాల నీకు చూపిస్త. చూసినంక నడపరాదంటవా, ఎందుకు రాదో చెప్పు.”

“చెప్పిన గద. సంఘం ముందట నా కొడుకు మాట పోతది.”

“నీ బిడ్డ నౌకరి పోతే?”

“నౌకరి పోదు. ఉన్న బడిల ఉంటవ్. తిండికి తక్కువ చేసిన్నా నీకు? బట్టకు తక్కువ చేసిన్నా?”

“లేదు నాయినా. నువ్వు దేనికీ తక్కువ చెయ్యలే. ఎక్కడికన్న పోవాలంటెనే నేను ఒకరిని అడగాలె. దవాఖానకు అన్న. చర్చికి అన్న. అమ్మను మట్టి చేసిన నాడు సమాధి దాంక నన్ను ఎత్తుకొని పోయింది గూడ అన్ననే. నడుస్తనన్న. టైం లేదన్నరు.”

గుర్రంగూడ బోర్డు దాటింది. ఎడమవైపు ఇళ్లు పల్చబడి ప్లాట్ల రాళ్లు మొదలయ్యాయి.

“మీ అమ్మను ఇందులకు తేకు,” అన్నాడు చివరికి.

“తేలే. అమ్మ ఉంటే నువ్వు కూసున్న సీట్ల తనే కూసునేది. తేవాల్సిన పని లేకుండె.”

“ఆపు బండి.”

“నాయినా.”

“ఆపుమన్న. నేను దిగుత.”

ఆమె ఇండికేటర్ వేసి, అద్దంలో చూసి, ఎడమ పక్కకు తెచ్చి మెత్తగా ఆపింది. ఎంత మెత్తగా అంటే ఆయన ఒళ్లు ముందుకు ఊగలేదు కూడా. తీతు దిగాడు. ఎండ మొహాన కొట్టింది. తలుపు పట్టుకుని వంగాడు.

“మలుపుతవా? మలుపుతనంటే ఎక్కుత.”

“ఎక్కు నాయినా, ఎండ. బడి చూసి పోదం.”

“మలుపుతవా లేదా?”

“మలప.”

ఆయన తలుపు వేశాడు. విసిరి కొట్టలేదు. బండిని కొట్టే అలవాటు ఆయనకు లేదు.

జోస్నా క్షణం ఆగింది. ఆయన నడక మొదలుపెట్టలేదు. ఆమె వైపు చూడనూ లేదు. రోడ్డు అవతల ఒక చెరుకురసం బండివాడు ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు. ఆమె కుడి అద్దంలో చూసింది. వెనక టిప్పర్ వస్తోంది. అది పోనిచ్చింది. తర్వాత బండిని రోడ్డు మీదికి తీసుకుంది.

నాదర్‌గుల్ దారి మళ్లాక శాంసన్ ఫోను. ఆమె స్పీకర్ నొక్కింది.

“ఎక్కడున్నరు? నాయినకియ్యి.”

“నాయిన దిగిండు.”

“దిగుడేంది?”

“గుర్రంగూడల దిగిండు. నువ్వు పోయి తెచ్చుకో.”

“ఎండల పెద్దమనిషిని రోడ్డు మీద వదిలేసినవా? నీకు మనసున్నదా?”

“నేను వదల్లే. దిగిండు. నీకు బండి ఉన్నది గద, ఎల్లు.”

శాంసన్ తిట్టలేదు. కాసేపటికి మళ్లీ మాట్లాడినప్పుడు అతని గొంతు వేరుగా ఉంది.

“నాయినకు అప్పట్నుంచి చేస్తున్న జోస్నా. ఎత్తుతలేడు.”

ఆమె ఫోను పెట్టేసింది. బడి గేటు అప్పటికే ఎదురుగా ఉంది. ఆదివారం గనక తాళం వేసి ఉంది. పైన శిక్షణ విమానం ఒకటి తక్కువ ఎత్తులో చుట్టు తిరుగుతోంది. గేటు ముందు కారు ఆపి, తండ్రి నంబరు నొక్కింది. ఒకసారి మోగింది. రెండోసారి మోగేలోగా ఎత్తాడు.

“నడుపుకుంట ఫోన్ చెయ్యకు,” అన్నాడు తీతు.

“ఆపే చేసిన.”

“ఎక్కడ ఆపినవ్?”

“బడి ముందట.”

అవతల ఏదో పెద్ద బండి హారన్ కొడుతూ పోయింది. ఆయన ఊపిరి వినిపించింది. ఎవరితోనో ఏదో అన్నాడు. ఆటో ఇంజన్ చప్పుడు దగ్గరయింది.

“కదలకు,” అన్నాడు. “అక్కడనే ఉండు. నేనొస్తున్న.”

“ఎందుకు నాయినా?”

అప్పటికే లైను తెగిపోయింది.

తాళంచెవి గుంజుకోవడానికి వస్తున్నాడో, పక్కన కూర్చోవడానికి వస్తున్నాడో ఆ గొంతును బట్టి ఎవరూ చెప్పలేరు. కూతురు అసలే చెప్పలేకపోయింది. జోస్నా కిందికి దిగలేదు. వెనక సీటుకు మారలేదు. డ్రైవర్ సీట్లోనే నిటారుగా కూర్చుని, నాలుగు తలుపులకూ లోపలి నుంచి లాక్ వేసుకుని, దుమ్ము లేపుకుంటూ వచ్చే ఆటో కోసం అద్దంలోకి చూడసాగింది.